ఎడమవైపు ఎవరు?

పోయిన వారం మనం ప్రణవిని మైదానం మధ్యలో చెయ్యెత్తి నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ చెయ్యి ఈపాటికి లాగేస్తూ ఉంటుంది. ముందు దాన్ని దించి, తర్వాత మిగతా సంగతులు చూద్దాం.

అది సెమీఫైనల్. ఎదుటి జట్టు పిల్ల గోలు వైపు దూసుకొస్తుంటే, వెనక కాపలా కాసే నలుగురిలోకీ పెద్దదైన ప్రణవి "అప్!" అని కేకేసింది. ఆ కేక చెవిన పడగానే నలుగురూ ఒక్కసారిగా ముందుకు జరగాలి. అలా జరిగితే, వెనక మిగిలిపోయిన ఎదుటి పిల్లకు బంతి అందించినా చెల్లదు. దాన్నే ఆఫ్‌సైడ్ అంటారు. పెళ్ళి భోజనాల్లో పంక్తి మొత్తం లేచాక వచ్చినవాడికి విస్తరి వెయ్యరు చూడండి, అలాగన్నమాట. కానీ ఒక్కరు కూర్చుని ఉన్నా పంక్తి లేచినట్టు కాదు. ఆ రోజు నలుగురిలో ఎవరో ఒకరు లేవలేదు. ప్రణవి చెయ్యెత్తి రెఫరీ వైపు చూస్తూ ఉండగానే బంతి వలలో పడింది.

ఎలాగో పెనాల్టీల్లో గట్టెక్కి ఫైనల్‌కి వచ్చారు. అయినా కోచ్ నాగరత్నం ఊరుకోలేదు. చెయ్యెత్తిన మనిషిది తప్పెలా అవుతుందని, పక్కన ఎడమవైపు ఆడే వర్షితను శనివారం ఫైనల్ నుంచి తప్పించింది. సింగపూర్ జాతీయ జట్టుకి పిల్లల్ని ఏరే ఆవిడ, వర్షిత ఆట చూడ్డానికే ఆ ఫైనల్‌కి వస్తోందని తెలిసి కూడా తప్పించింది.

పంక్తిలో లేవనిదెవరో ప్రణవికి తెలుసు. ఆమె ఎడమ కన్ను మసకబారుతూ మసకబారుతూ వచ్చి, ఇప్పుడు ఆ పక్కనున్నదంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టే ఉంటోంది. ఈ సంగతి ఆమెకీ, కంటి డాక్టరుకీ, మనకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియకూడదనే మోకాలికి పట్టీ వేసుకుని తిరుగుతోంది. అందరూ కాలి వైపు చూస్తుంటే కంటి వైపు ఎవరు చూస్తారు?

ఇదీ ఇప్పటిదాకా జరిగింది. ఇక ఆదివారం మధ్యాహ్నం పుంగ్గోల్‌లో ఆమె పెదనాన్న కేశవరావు గారి ఫ్లాట్‌కి వద్దాం.

"కాలు బల్ల మీద పెట్టవే," అంది లీలావతి, వేడి నువ్వుల నూనె గిన్నెతో వచ్చి.

"వద్దు పెద్దమ్మా, బానే ఉంది."

"నువ్వు బానే ఉందంటే నేను నమ్మాలా? మెట్లు దిగేటప్పుడు చూశాలే, ఎలా తడుముకుంటున్నావో."

మెట్ల మీద తడుముకున్నది కాలు కాదని ఎలా చెబుతుంది? ప్రణవి నోరు మూసుకుని కాలు పెట్టింది. రాయిలాంటి మోకాలు అది. జబ్బూ నొప్పీ లేని మోకాలికి ఇంత సేవ జరగడం ఈ ద్వీపం మొత్తం మీద ఆ ఇంట్లోనే అయి ఉంటుంది. లీలావతి బొటనవేళ్ళతో పిసుకుతుంటే, ప్రణవి సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే రెండూ ఒకలాగే ఉంటాయి. ఈ మధ్య ఆమెకు అదొక్కటే హాయి.

ఆమె అలసిపోయింది. ఒళ్ళు నొప్పుల వల్ల కాదు. వాటితో కలిసి బతకడం ఆమె ఎప్పుడో నేర్చుకుంది. కెనడాలో విన్నిపెగ్‌లో పుట్టి, మంచు పారేసి ఆడుకునే మైదానాల్లో బంతి పట్టి, స్వీడన్‌లో ఒక జట్టుకి, సైప్రస్‌లో ఒక జట్టుకి, ఆస్ట్రేలియాలో ఇంకో జట్టుకి వెనక కాపలా కాసి, ఆఖరికి తండ్రి అన్నగారి ఇంటికి సింగపూర్ చేరింది. కెనడా జాతీయ జట్టు వాళ్ళు పిలిచారు. చొక్కా ఇచ్చారు. బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ బెంచీ మీంచి లేచి గీత దాటి లోపలికి వెళ్ళే భాగ్యం మాత్రం పట్టలేదు. ఇన్ని దేశాల్లో ఇన్నేళ్ళు ఆడి ఒక్క కప్పూ ఎత్తలేదు. ముందువరస వాళ్ళు గోలు కొడితే ఫొటో పడుతుంది. వెనక ఉన్నవాళ్ళు గోలు ఆపితే ఏమీ జరగదు. ఏమీ జరగకుండా చూడడమే ఆమె వృత్తి. ముప్పై దాటి నాలుగైదేళ్ళయింది. శనివారం ఆడేది ఆఖరి ఆట అని తనలో తనే ఖాయం చేసుకుంది. ఈ ఒక్కటీ అయిపోతే చాలు. గెలిచి అయిపోతే ఇంకా మంచిది.

"కెనడా అంటే సామాన్యమైన చలి కాదు," కేశవరావు మొదలుపెట్టాడు. బ్యాంకులో పనిచేసినన్నాళ్ళూ ఒక్క అంకె తప్పు రాయని మనిషి, రిటైరయ్యాక ఆ నిష్ఠంతా ఒక్కసారిగా వదిలేశాడు. "ఒకసారి గోలు వల గడ్డకట్టి గోడలా బిగుసుకుపోయింది. మన ప్రణవి జట్టువాళ్ళు కొట్టిన బంతి వలకు తగిలి, ఖంగుమని వెనక్కి లేచి, మైదానం మొత్తం దాటి, వీళ్ళ గోల్లోనే పడింది. రెఫరీ పెద్దమనిషి రెండు వైపులా చెరో గోలు రాశాడు."

"అలా ఎప్పుడూ జరగలేదు పెదనాన్నా."

"నువ్వప్పుడు చిన్నపిల్లవి, గుర్తుండదు. స్వీడన్ సంగతో మరి? ఎండాకాలంలో అక్కడ సూర్యుడు దిగడు. చీకటి పడలేదు కదా అని రెఫరీ విజిల్ వెయ్యడం మర్చిపోయి, మర్నాడు టిఫిన్ల వేళదాకా ఆడించాడు. కావాలంటే పేపరు చూసుకో."

"ఏ పేపరు?" అంది లీలావతి మోకాలు వదలకుండా.

"స్వీడన్ పేపరు. నీకు చదవడం రాదు."

అంతలో గుమ్మం దగ్గర చెప్పులు విప్పిన చప్పుడైంది. వర్షిత. చోవా చూ కాంగ్ నుంచి రెండు రైళ్ళు మారి వచ్చినట్టుంది, చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. చేతిలో కర్రీ పఫ్‌ల పొట్లం. సింగపూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీలో చేరి ఎన్నాళ్ళో కాలేదు.

ప్రణవి కాలు కిందికి దించేసింది. ఆ పిల్ల వైపు చూడలేక కాదు, చూస్తే ఏం చెప్పాలో తెలియక.

"గడప దగ్గరే ఆగిపోయావేం తల్లీ?" అన్నాడు కేశవరావు. "జరుగు, ముందుకి జరుగు! కనీసం మా ఇంట్లోనైనా జరుగు!"

వర్షిత నవ్వడానికి ప్రయత్నించింది. "సారీ చెబుదామని వచ్చాను అంకుల్. అక్కకి."

"చూశావుటే లీలా, పిల్ల ఎంత బుద్ధిమంతురాలో. తప్పు చేసినా ఒప్పుకోడానికి వచ్చింది."

"అన్నం తిన్నావా?" అంది లీలావతి. ఆవిడకి తప్పొప్పులన్నీ భోజనం తర్వాతే.

"ఐ ఏట్ ఆల్రెడీ ఆంటీ. మీకోసం ఇవి తెచ్చాను."

"పెదనాన్నా, ఆ సంగతి వదిలెయ్యండి," అంది ప్రణవి. "ఎవరో ఒకరిది తప్పు. అయిపోయింది."

"ఎలా వదిలేస్తాం? మన దగ్గర రుజువుంది!" కేశవరావు లేచి టీవీ రిమోట్ అందుకున్నాడు. "లీలా, నీ ఫోను ఇలా తే. పెద్ద తెర మీద వేద్దాం. ఈ పిల్ల కూడా చూసి నేర్చుకుంటుంది."

లీలావతి వీడియో సంగతి ప్రణవి మర్చేపోయింది.

లీలావతి ప్రతి మ్యాచ్‌కీ వచ్చి ఫోనులో వీడియో తీస్తుంది. కానీ ఆటని తియ్యదు. బంతి ఏ మూల ఉన్నా, ఎవరు గోలు కొట్టినా, ఆవిడ ఫోను ప్రణవి మీంచి కదలదు. "బంతిదేముంది, అందరూ దాన్నే చూస్తారు. నేను నా పిల్లని చూడ్డానికి వెళ్తాను," అంటుంది. గోలు పడ్డప్పుడు ప్రణవి సాక్స్ సర్దుకోవడం, నీళ్ళు తాగడం, ఆవిడ వీడియోల్లో అవే ఉంటాయి. క్లబ్బు వాళ్ళ కెమెరా ఆ రోజు బంతి వెంట పరుగెత్తింది. వెనక వరసని అది పట్టించుకోలేదు. పట్టించుకున్న కెమెరా ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది ఇప్పుడు టీవీకి కలుస్తోంది.

"వద్దు పెద్దమ్మా, తలనొప్పిగా ఉంది."

"రెండు నిమిషాలేనే."

తెర మీద పచ్చిక. మధ్యలో ప్రణవి, నడుం మీద చేతులు. ఆమె ఎడమ పక్క, తెర అంచున, సగం మనిషి కనిపిస్తోంది, అది వర్షిత. ఆ సగానికి తల కూడా పూర్తిగా లేదు. లీలావతి గొంతు వినిపించింది: "ఎండలో నల్లబడిపోయింది పిల్ల." తర్వాత తెర మీది ప్రణవి నోరు తెరిచి "అప్!" అని అరిచింది.

సగం వర్షిత వెంటనే ముందుకి దూకి తెరలోంచి వెళ్ళిపోయింది. ప్రణవి దూకలేదు. తల ఎడమకి తిప్పింది. ఏదో వెతుకుతున్నట్టు, పక్కన మనిషి ఉందో లేదో తేలక, ఉన్నచోటే పాదాలు నాటుకుపోయాయి. ఎదుటి జట్టు పిల్ల ఆమె పక్కనుంచే దాటిపోయింది. అప్పుడు లేచింది చెయ్యి.

"ఆపు! ఆపు!" కేశవరావు తొడ చరిచాడు. "చూశారా? మైదానం మొత్తంలో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఎవరు? మన పిల్ల!"

"మరి పక్కనున్న పిల్ల కనపడకుండా పోయిందేం?" అంది లీలావతి.

"ముందుకి వెళ్ళాను ఆంటీ," అంది వర్షిత మెల్లగా.

"వెళ్తే మంచిదేగా?"

"మంచిదే ఆంటీ."

"ఏం మంచిది? ఎక్కువ ముందుకి వెళ్ళుంటావు," అని తేల్చేశాడు కేశవరావు. ఆయన ఈ ఆటని చాలా ఏళ్ళుగా చూస్తున్నాడు, ఒక్క ఏడాది కూడా అర్థం చేసుకోలేదు.

ప్రణవి లేచింది. "టీ పెడతాను. వర్షితా, ఆ పొట్లం తీసుకుని రా."

వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు. కిటికీ అవతల బుల్లి రైలు ఖాళీగా వెళ్తోంది. ప్రణవి గిన్నెలో నీళ్ళు పోసింది, పొయ్యి వెలిగించడం మర్చిపోయింది.

"చూశావుగా," అంది. "నువ్వు సారీ చెప్పాల్సింది లేదు."

"అది టీవీలో చూడక్కర్లేదు అక్కా. ఆ రోజే చూశాను. వెనక్కి తిరిగి చూస్తే నువ్వు అక్కడే ఉన్నావు."

ప్రణవి ఆమె వైపు తిరిగింది. "తెలిసి కోచ్‌కి ఎందుకు చెప్పలేదు?"

వర్షిత పొట్లం దారం లాగుతూ నిలబడింది. "ఒకటడుగుతాను. సీజన్ మొదటి నుంచి నేను ఎందుకంత అరుస్తానో తెలుసా? 'అక్కా లెఫ్ట్, అక్కా ఒకమ్మాయి వస్తోంది, అక్కా వదిలెయ్' అని? కోచ్ రోజూ తిడుతుంది, నీ నోటికి తాళం వెయ్యాలి అని."

"నీ తీరే అంత అనుకున్నాను."

"ఇంట్లో నేను మాట్లాడనని మా మమ్మీ కంప్లెయింట్ చేస్తుంది." "నీకోసం అరిచాను. ప్రాక్టీసులో ఒకసారి నీ ఎడమ పక్క నుంచి బాటిల్ ఇచ్చాను. నువ్వు తీసుకోలేదు. రెండోసారి కూడా. యూ కాంట్ సీ దేర్, రైట్?"

ప్రణవికి ఏదో ఒక అబద్ధం వెంటనే తట్టి ఉండాల్సింది. ఎన్నో దాచిపెట్టి ఉంచుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయింది.

"ఆ రోజు నేను అరవలేదక్కా," అంది వర్షిత. "అదీ సారీ. ఆ పిల్ల నీ వెనక నుంచి వస్తుండడం చూశాను. నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను. ఒక్కసారి చూద్దాం, నిజంగా కనపడదో, లేక నేనే ఊహించుకుంటున్నానో అని."

"సెమీఫైనల్లోనా?"

"ఊఁ."

"పరీక్ష పెట్టడానికి నీకు అంతకంటే మంచి రోజు దొరకలేదా తల్లీ?"

కోపం రావాలి. న్యాయంగా రావాలి. ప్రణవి లోపల వెతికి చూసుకుంది. తాళాలు పెట్టిన చోట లేనట్టు, కోపం ఎక్కడా తగల్లేదు. తగిలిందల్లా ఒక పెద్ద బరువు దిగిన చప్పుడు. ఇంతకాలం తను ఒంటరిగా మోస్తున్నాననుకున్న దాన్ని, రెండో వైపు నుంచి ఈ పిల్ల గొంతు పోయేలా అరుస్తూ మోసింది. తనేమో జట్టుని కాస్తున్నానని గొప్పగా అనుకుంది. కాపలాదారుకి ఈ పిల్ల కాపలా.

"నేనే చెబుతాను కోచ్‌కి," అంది చివరికి. "గోలు నాది, నా కన్నుది. నువ్వు ఆడు. ఆ సెలెక్టర్ ముందు ఆడు."

"వద్దు!" వర్షిత ఆమె ముందు గొంతుక్కూర్చుంది. "కన్ను అని చెబితే ఎవరూ నిన్ను మైదానంలోకి రానివ్వరు. నీ ఆఖరి మ్యాచ్ అది, నాకు తెలుసు. కాలు అని చెప్పు. కాలు పట్టేసింది, అప్పుడు కదలలేకపోయాను, ఇప్పుడు బాగుంది అని. అప్పుడు నేనూ ఆడతాను, నువ్వూ ఆడతావు. నీ ఎడమ పక్క నేనుంటాను. ఈసారి ఒక్కటీ వదలను, అక్కా. గొంతు పోయేదాకా అరుస్తాను."

ఆ పిల్లకి తెలియని సంగతి ఒకటుంది. ఉన్న ఒక్క కన్నుతో బంతికి తల అడ్డం పెట్టకమ్మా, దానికి దెబ్బ తగిలితే ఇక నీకు పగలూ రాత్రీ ఒకటేనన్నాడు డాక్టరు. ప్రణవి ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చి, వర్షిత ముఖం చూసి మింగేసింది. అంత ఆశగా ఆమె వైపు ఎవరైనా చూసి ఎన్నేళ్ళయిందో.

"ఆలోచించనీ," అంది. "సాయంత్రం దాకా టైమివ్వు."

సాయంత్రం దాకా ఎవరూ ఇవ్వలేదు. హాల్లో కాలింగ్‌బెల్ మోగింది.

"రండి రండి నాగరత్నం గారూ!" కేశవరావు గొంతు. "మకాన్, అదే భోజనం, అయిందా? కర్రీ పఫ్‌లు ఉన్నాయి!"

"మకాన్ అంతా తర్వాత చూద్దాం, అన్నా. లీలమ్మ గ్రూపులో పెట్టిన వీడియో చూసి వచ్చినా."

ప్రణవి, వర్షిత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లీలావతి దగ్గర బంధువులకీ, జట్టు వాళ్ళకీ కలిపి ఒక గ్రూపు ఉంది. ప్రణవి నీళ్ళు తాగిన వీడియోలన్నీ అందులో పెడుతుంది. ఎవరూ చూడరు, చప్పట్ల బొమ్మ ఒకటి పెట్టి వదిలేస్తారు. ఈసారి ఒకరు చూశారు.

వంటింటి గుమ్మంలోకి నాగరత్నం వచ్చి నిలబడింది. ఆమె తాతలు విశాఖ తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఆమె ముందు ఎవరైనా నిటారుగా నిలబడతారు. వర్షిత లేచి నిలబడింది. ప్రణవి బియ్యం డబ్బా మీంచి లేచింది.

నాగరత్నం ఫోను ముందుకి చాపింది. పచ్చిక. మధ్యలో ప్రణవి. పక్కన ఎవరూ లేరు.

"ఇదుగో. కదలంది నువ్వేనా?"

"నేనే, కోచ్."

"ఎందుకు కదల్లా?"

వెనక వర్షిత వేళ్ళు ప్రణవి మోచెయ్యి పట్టుకున్నాయి. చల్లగా ఉన్నాయి. హాల్లో కేశవరావు, లీలావతి కూడా మాటలాపి వింటున్నారు. నిజం చెబితే ఆటకి అక్కడే నమస్కారం. పచ్చిక వాసన, నేల మీద సుద్ద గీత, తన కేకకి ముగ్గురు కదలడం, అన్నీ ఈ వంటింట్లోనే అయిపోతాయి. ఒక్కటే ఆట. ఒక్క శనివారం.

"కాలు," అంది ప్రణవి. "పట్టేసింది. కేకెయ్యగలిగాను గాని కదల్లేకపోయాను. అప్పుడే చెప్పాల్సింది. పరువు పోతుందని చెప్పలేదు."

"ఇప్పుడో?"

"బాగుంది. పెద్దమ్మ రోజూ నూనె రాస్తోంది. వర్షితను తీసుకోండి కోచ్. ఆమె తప్పేం లేదు."

నాగరత్నం చాలాసేపు ఆమె కాలి వైపు చూసింది. పట్టీ వైపు చూసింది. తర్వాత వర్షిత వైపు తిరిగింది, ఆ గట్టి ముఖం కొంచెం మెత్తబడింది.

"నా పొరపాటు, అమ్మాయ్. ఏడిచావా?"

"లేదు కోచ్."

"అబద్ధం. సరే, శనివారం నువ్వు ఆడతావు."

మోచేతి మీద వేళ్ళు ఒక్కసారి బిగిసి వదిలాయి. పొయ్యి వెలిగించాలని ప్రణవికి అప్పుడు గుర్తొచ్చి అటు తిరిగింది.

"కాని ఎడమ పక్క కాదు," అంది నాగరత్నం. "వాళ్ళ జట్టులో గాలిలా పరిగెత్తే పిల్ల మన కుడి పక్క వస్తుంది. దాన్ని పట్టుకునే కాళ్ళు మన దగ్గర వర్షితకే ఉన్నాయి. సెలెక్టరమ్మ కూడా ఆ పోటీనే చూడాలనుకుంటది. కుడి పక్క ఆడు."

వర్షిత నోరు తెరిచింది, ప్రణవి వైపు చూసింది, మూసేసింది.

"మరి నా ఎడమ పక్క?" అంది ప్రణవి. పొయ్యి వైపు తిరిగే ఉంది.

"ఉమ," అంది నాగరత్నం, ఒక కర్రీ పఫ్ తీసుకుని. "మంచి పిల్ల. ఇంతెత్తు అరుపులు లేవు, కేకలు లేవు. ఆట మొత్తంలో ఒక్క మాటనదు. నీకు ప్రశాంతంగా ఉంటుంది."